ఇంద్రజాలికులవారూ, నా టముకూ

నిన్న నాటక కంపెనీ కుర్రాళ్ళిద్దరు వచ్చి మా వీధరుగు మీద కూర్చున్నారు. రాజమండ్రిలో వాళ్ళు వెయ్యబోయే నాటకంలో, తెర మార్చుకునే ఖాళీలో, మద్రాసు నుంచి వచ్చినాయన ఎవరో వింతలు చేస్తాడట. కరపత్రం అచ్చు వెయ్యాలి, ఆయన్ని ఏమని వెయ్యాలో తేలక కొట్టుకుంటున్నారు. ఒకడు మెజీషియన్ అంటాడు, ఇంకొకడు ఇంద్రజాలికుడు అంటాడు. ఆయన మటుకు పేరు ముందు ప్రొఫెసరని వేస్తేగాని రానంటున్నాడట. "మీరు జన్మంతా ఈ ఆటలు చాటినవారు కదండీ తాతగారూ, ఏ మాటకి ఏం అర్థమో మీరే చెప్పండి" అన్నారు.

అర్థం కావాలంటే పండితుల దగ్గరికి పొండి, వాడుక కావాలంటే నేను చెబుతానన్నాను. చెప్పడం మొదలెట్టాక ఆపడం నాకు చేతకాదు. వాళ్ళు దీపాల వేళ దాకా కూర్చుని వెళ్ళారు. ఏ మాట అచ్చు వేస్తారో నాకు తెలీదు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను, ఓపికుంటే వినండి.

నేను చాటింపు మనిషిని. మెడలో టముకు వేసుకుని ఊళ్ళో నాలుగు వీధులూ తిరిగి, సాయంత్రం ఫలానా చోట ఫలానా ఆట అని కేక వెయ్యడం నా ఉద్యోగం. తేలిక పనేనని మీరనుకోవచ్చు. టముకు వాయించగానే కుక్కలు మొరుగుతాయి. అవి మొరగడం ఆపేదాకా ఆగాలి. ఆ తరవాత నోట్లోంచి వచ్చే మొదటి మాట మీదే ఆట నిలబడుతుంది. ఆ మాట నచ్చితే పొయ్యి మీద ఎసరు వదిలేసి వస్తారు, నచ్చకపోతే ఎంత అరిచినా గొంతు నొప్పే మిగులుతుంది.

రైతులుండే వీధిలో గారడీ అంటే చాలు, ముసలీ ముతకా అందరూ బయటికొచ్చేవారు. బ్రాహ్మల అగ్రహారంలో ఆ మాటంటే తలుపులు వేసుకునేవారు. వాళ్ళకి విప్రవినోదులని వేరే ఉండేవారు. వాళ్ళు బ్రాహ్మల ఎదట తప్ప ఇంకెక్కడా విద్య చూపరు, పొరపాట్న వాళ్ళని గారడీవాళ్ళంటే మనల్ని కాల్చేసేలా చూసేవారు. బజారులో గారడీ అంటే జనానికి కొట్లవాళ్ళ తూకంలో మోసం గుర్తొచ్చి నవ్వులాట అయిపోయేది, అందుకని అక్కడ వినోదం అనేవాణ్ణి. తల్లులకి మాయలోడు అనే మాటే అలవాటు, అన్నం తినని పిల్లల్ని ఆ పేరు చెప్పి భయపెట్టేవారు. ఇక ఊళ్ళో ఎవరి కోడి పోయినా ముందు వెతికేది ఊరిబయట గారడీవాళ్ళ గుడారమే. అన్నిటికీ వెనకున్నది ఒకటే విద్య. ఇంద్రజాలం అన్న మాట మటుకు మేము పురాణం చెప్పేచోటే వినేవాళ్ళం.

నేను వెంట తిరిగినాయన ఆ గుడారాల్లో పుట్టినవాడే. ధవళేశ్వరం రేవులో పడవ కోసం కూర్చుంటే కనపడ్డాడు. నల్లకోటు, తలపాగా, చేతివేళ్ళ సందుల్లో చింతగింజలు. మాట్లాడుతూనే ఆ గింజల్ని ఒక వేలి మీంచి ఇంకో వేలి మీదికి నడిపిస్తున్నాడు. నా టముకు చూసి పనిలోకి వస్తావా అన్నాడు. వస్తానన్నాను. "ఒకటే షరతు. నీ నోట గారడీ అన్న మాట రాకూడదు. ఇంద్రజాలికులవారు అనాలి. ఆ చివర 'వారు' మింగెయ్యకూడదు" అన్నాడు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకుని నవ్వుకున్నాను. ఆ కోటు కాకినాడ రేవులో ఏ ఓడవాడి దగ్గరో కొన్నది. వర్షాకాలం వస్తే బూజు పట్టేది, దాన్ని ఆరేసి దులపడం కూడా నా ఉద్యోగంలోకే వచ్చింది. నేను ఆయన్ని గురువుగారండీ అనేవాణ్ణి, ఆయన నన్ను ఏరా అనేవాడు.

ఆ మాట మీద అంత పంతం ఎందుకో చాలా రోజులకి గాని చెప్పలేదు. ఆయన చిన్నప్పుడు ఒక ఊళ్ళో కోడిపెట్ట పోయిందని వాళ్ళ నాన్నని రాటకి కట్టేశారట. పొద్దు వాలేసరికి ఆ పెట్ట గడ్డివాము వెనకనుంచి పిల్లల్ని వేసుకుని నడిచొచ్చింది. కట్లు విప్పారు గాని తప్పయిందని ఒక్కరూ అనలేదు. "గారడీవాడు మళ్ళీ తెప్పించాడర్రా" అని నవ్వారట. వాళ్ళ నాన్న కూడా వాళ్ళతో పాటు నవ్వి, దండం పెట్టి వచ్చేశాడట. ఆ నవ్వు నాకిప్పటికీ పడదురా అన్నాడు మా గురువుగారు.

అవి కాలవలు కొత్తగా వచ్చిన కాలం. పడవకి తాడు కట్టి గట్టు మీద మనుషులు లాగుతుంటే మేము కప్పు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. రెండువైపులా వరిచేలు. లాకుల దగ్గర పడవ ఆగిపోతే గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళం. ఆయన చేత్తో పెట్టిన పప్పుచారు రుచి మళ్ళీ నేనెరగను. నా పెళ్ళాం అంతకంటే మంచిది పెడుతుంది, ఆ మాట ఆవిడ ఎదట ఒప్పుకుంటాను కూడా. కానీ ఆకలేస్తే నాకు గుర్తొచ్చేది ఆ లాకు గట్టే. మండపేట వైపు వెళితే ఒక రకం జనం, పట్టిసీమ తిరనాళ్ళకి వెళితే ఒక రకం. నేను మాట ఒకటే అరిచేవాణ్ణి. ఇంద్రజాలికులవారు వచ్చారహో. జనానికి ఆ మాట నోరు తిరక్కపోయినా, కోటు చూసి గౌరవంగానే కూర్చునేవారు. ఆట అయ్యాక ఎలా చేశాడని గింజుకుని, కొట్టుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవారు. ఆ నవ్వు ఆయనకి ఇష్టమే.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా పక్కన ఉన్నప్పుడు ఇంత గుర్తు రాలేదు.

ఇక అసలు సంగతి. ఒక ఏడు నరసాపురంలో ఆటలు వేసి, మొగల్తూరు చూసుకుని, అక్కణ్ణించి సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ పేటకి వెళ్దామన్నాడు గురువుగారు. నాకు ఆ వైపు జనం తెలుసు. సముద్రం మీద బతికేవాళ్ళు మాటని తేలిగ్గా తీసుకోరు. వేటకి వెళ్ళే ముందు ఫలానా మాట అనకూడదు, ఫలానా మాట అంటే వల నిండుతుంది అని వాళ్ళకి కట్టుబాట్లు.

"గురువుగారండీ, ఇక్కడ మటుకు గారడీ అనే చాటుతానండీ. హాయిగా నవ్వుకుని పోతారు" అన్నాను.

"కోటు వేసుకున్నంతసేపూ అనకూడదు."

"కోటు విప్పేయండి మరి."

"నోరు మూసుకుని టముకు కొట్టరా" అన్నాడు. పైగా ఆ రోజు చాటింపుకి కొత్త మాటలు కట్టాడు. కంటికి కనపడనిది చూపించేవారు, చెవికి అందనిది వినిపించేవారు, ఇంద్రజాలికులవారు వచ్చారహో అని. కూలికొచ్చినవాణ్ణి, చెప్పినట్టే అరిచాను.

సాయంత్రం ఇసకలో జనం నిండిపోయారు. ఖాళీ బుట్టలోంచి పావురం తీశాడు. చించిన గుడ్డని అతికించాడు. ఒక్కరు నవ్వలేదు, ఎలా చేశాడని ఒక్కరు గింజుకోలేదు. చేతులు జోడించుకుని కూర్చున్నారు. చివర్న ఆయన పెదవులు కదపకుండా గొంతు మార్చి పిలిచాడు. ఒడ్డుకి లాగి బోర్లించిన పడవలున్నాయి, వాటి వెనకనుంచి ఎవరో పిలిచినట్టుగా వినపడింది. ఒక ముసలావిడ లేచి అటు తిరిగి దండం పెట్టింది. ఆట అయ్యాక కొబ్బరికాయలు, ఎండుచేపలు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. గురువుగారు మటుకు పొంగిపోయాడు. "చూశావా, మర్యాదంటే ఇదీ" అన్నాడు.

తెల్లారేసరికి ఆ పేట కులపెద్ద మేము దిగిన గుడిసె ముందుకొచ్చాడు. ముసలాయన, మాట నెమ్మది. వెనకాల ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు, అన్నదమ్ములు. ముసలాయన ఇసకలో కూర్చుని సంగతి చెప్పాడు.

ఈ ఇద్దరికీ నడిపివాడు ఒకడున్నాడు. వేటకెళ్ళిన పడవల్లో అన్నీ వచ్చాయి, వాడి పడవ రాలేదు. అమావాస్యలు గడిచిపోయాయి. శవం ఒడ్డుకి రాలేదు, చెక్కముక్క కూడా దొరకలేదు. వాడికి పెళ్ళాం ఉంది, కాపరానికొచ్చి ఏడాది తిరగలేదు. ఆ పేట కట్టుబాటు ఏంటంటే, పోయినవాడు తిరిగొచ్చేదాకా గాని, వాడికి కర్మ జరిగేదాకా గాని ఆ ఇంటి మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళకూడదు. ఇల్లంతా పస్తులు. ఆ పిల్ల మటుకు గాజులు తియ్యనంటోంది. శవం చూపించండి తీస్తానంటోంది. వీళ్ళు ఆ పిల్లని తిట్టలేరు, కొట్టలేరు, ఊరుకోనూ లేరు.

"రాత్రి ఆ పిల్లే ఒప్పుకుందండి," అన్నాడు కులపెద్ద. "తవరు కంటికి కనపడంది సూపిత్తారని చాటించారు కదండి. ఆడు ఉన్నాడో లేడో తవరు సూసి సెప్పండి. ఉన్నాడంటే ఈళ్ళు పస్తులుంటారు, లేడంటే ఆ పిల్ల గాజులు తీత్తాది. తవరి మాట మీద నిలబడతామని అందరం ఒట్టేసుకున్నాం. పొద్దు తిరిగేలోపు రండి."

వాళ్ళు వెళ్ళారు. ఎండుచేపల వాసన వస్తోంది. నేను గంజి పోస్తే మా గురువుగారు తాగలేదు.

నేను లౌక్యం తెలిసినవాణ్ణి అనుకునేవాణ్ణి ఆ రోజుల్లో. "ఇందులో ఆలోచించడానికేముందండీ? పోయాడని అందరికీ తెలుసు. తవరు ఆ ఒక్కమాటా అనేస్తే వాళ్ళు గంజి తాగుతారు, ఆ పిల్లా నెమ్మదిగా తేరుకుంటుంది. తవరి పేరు కాకినాడ దాకా మోగిపోతుంది" అన్నాను.

"తెలుసా నీకు?"

"ఇన్నాళ్ళయ్యాక ఇంకేం వస్తాడండీ."

"తెలుసా అని అడుగుతున్నాన్రా."

తెలీదన్నాను. "పోనీ ఉన్నాడనండి, ఆ పిల్లయినా సంతోషిస్తుంది" అన్నాను.

"ఉన్నాడంటే ఆ పిల్ల ముసిల్దయ్యేదాకా ఒడ్డున కూర్చుంటుంది. రేపు మనం పడవెక్కి పోతాం." ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు అన్నం పెట్టే విద్య ఇది. చూసేవాడికి అబద్ధమని తెలిసి ఉంటేనే ఇది విద్య. తెలీకపోతే దొంగతనం. మా నాన్న ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన్ని చూసి నేను సిగ్గుపడ్డాను."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కోటు దులిపి ఇచ్చాను. వేసుకోలేదు.

పొద్దు తిరగకముందే పేటంతా ఇసకలో కూడింది. ఆ పిల్ల అత్తగారి పక్కన నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఏడవడం లేదు, మా గురువుగారి మొహంలోకే చూస్తోంది. తలపాగా లేకుండా, కోటు లేకుండా వచ్చిన ఆయన్ని పోల్చుకోవడానికి జనానికి కొంచెంసేపు పట్టింది.

ఆయన బుట్ట ముందు పెట్టుకున్నాడు. "నేను గారడీవాణ్ణమ్మా," అన్నాడు, అందరికీ వినపడేలా. "మా అయ్యా గారడీవాడే. మంత్రాలూ లేవు, దేవతా లేదు. నాకు కనపడేది మీకు కనపడేదే." బుట్ట అడుగు తీసి పావురం ఎక్కడ దాక్కుంటుందో చూపించాడు. చినిగిన గుడ్డ వేరు, అతికిన గుడ్డ వేరు, రెండూ పక్కపక్కన పరిచాడు. గారడీ చేసేవాడు గుట్టు విప్పడమంటే రైతు విత్తనాలు వండుకు తినడమే. నేను టముకు పట్టుకుని అలా నిలబడిపోయాను. "మీ అబ్బాయి ఉన్నాడో లేడో నాకు తెలీదు. కంటికి కనపడనిది చూపిస్తానని చాటించడం నా గొప్పకోసం. క్షమించండి" అని దండం పెట్టాడు.

కొట్టి తరుముతారనుకున్నాను. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఇసకలో ఉమ్మేసి, "రాత్రి మా అమ్మ నీకు దండం పెట్టింది కదరా" అన్నాడు. గురువుగారు తలవంచుకున్నాడు. కులపెద్దే చివరికి లేచాడు.

"గారడోడివైతే గారడోడినని ముందే సెప్పాలి. నవ్వుకునేవోళ్ళం," అన్నాడు. ఆ పిల్ల వైపు తిరిగాడు. "ఆడికీ తెలీదంట తల్లీ. ఇంక మన కట్టుబాటే. రేపు పొద్దున్న కానిచ్చేద్దాం. ఇంట్లో పసిపిల్లలు కూడా ఉన్నారు."

ఆ పిల్ల అందరితో పాటు నడిచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మొగల్తూరు వైపు వెళ్ళే బండి మర్నాడు గాని లేదు. సామాను కట్టుకుని పడవల దగ్గర కూర్చున్నాం. మమ్మల్ని ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మననూ లేదు. ఎవరో మటుకు ఒక ముంతతో మంచినీళ్ళు పెట్టి వెళ్ళారు. "అబద్ధం ఒకటి చెప్పి ఉంటే, ఎటు చెప్పినా ఎవరో ఒకరు సంతోషించేవారు కదండీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పొద్దు వాలుతుంటే ఆ పిల్ల వచ్చింది. వెనకాల కొంచెం దూరంగా అత్తగారు కూడా వచ్చి ఇసకలో కూర్చుంది, ఆపడానికి వచ్చినట్టు లేదు. నేను లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే పడదామనే అనుకున్నాను.

"నిన్న ఈ పడవల ఎనకనించి పిలిచింది మీరేనాండి?" అంది.

"నేనేనమ్మా. అది కూడా గారడీయే. గొంతు మార్చి పిలవడం."

"నాకు తెలుసండి, అంతా గారడీయేనని ఇందాక సెప్పారు కదా." కాసేపు సముద్రం వైపు చూసింది. "ఆయన ఒడ్డుకొచ్చేటప్పుడు అదిగో అక్కణ్ణించి కేకేసేవాడండి. తాడట్టుకోవే అని. మా అత్త ఉన్నా, మావయ్య ఉన్నా, నన్నే అట్టుకోమనేవాడు. నాకు సిగ్గేసేది. రేపటినించి ఆ మాట తలుసుకోకూడదంటారండి ఈళ్ళు. ఒక్కసారి పిలవండి."

మా గురువుగారు వద్దమ్మా అన్నాడు. అది మంచిది కాదన్నాడు. అబద్ధం తల్లీ అన్నాడు.

"నిజం అడగట్లేదండి," అంది ఆ పిల్ల. "నిజం పొద్దున్నే సెప్పేశారు. మీరు గారడీవోరు కదా, అబద్దవే పిలవండి."

గురువుగారు నా వైపు చూశాడు. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని తలూపింది. అప్పుడాయన పక్కకి తిరిగి, గొంతు సవరించుకుని, పెదవులు బిగించాడు. అలల అవతల నుంచి, దూరంగా, మగగొంతు ఒకటి వచ్చింది. తాడట్టుకోవే అని. నేను పక్కనే ఉన్నాను, ఎలా చేస్తాడో తెలిసినవాణ్ణి, అయినా తల తిప్పి సముద్రం కేసి చూశాను.

ఆ పిల్ల కళ్ళు మూసుకుని వింది. తరవాత మెల్లిగా తల అడ్డంగా ఊపింది.

"ఆయన గొంతు అలా ఉండదండి" అంది.

మా గురువుగారి మొహం పాలిపోయింది. "నేను గారడీవాణ్ణమ్మా, నాకింతే వచ్చు" అన్నాడు.

ఆ పిల్ల ఇసకలో కూలబడి, మోకాళ్ళ చుట్టూ గాజుల చేతులు చుట్టుకుని కూర్చుంది.

"పరవాలేదండి," అంది. "ఇంకోసారి పిలవండి."

చీకటిపడి, సముద్రం కనపడకుండా పోయేదాకా పిలుస్తూనే ఉన్నాడు మా గారడీవాడు.